కమలా కాదు, కమాల్



కమలా ఖాన్ అన్న పేరు వినగానే మా పక్కింటి ఆంటీ అడిగిన మొదటి మాట, "కమల అంటే మా పేరు కదమ్మా, దాని పక్కకి ఖాన్ ఎలా వచ్చింది?" అని. ఆవిడ అడగడంలో వింతేమీ లేదు. తెలుగులో కమల అంటే తామరపువ్వు, లక్ష్మీదేవి పేరు. మా ఇంట్లో మాత్రం అదే పేరులో కమాల్ వినబడింది. "ఏం కమాల్ చేశావ్ రా" అంటామే, ఆ కమాల్. ఒక్క దీర్ఘం తేడాతో పేరు ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి నడిచి వెళ్లిపోయింది.

చూడనివాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. 'మిస్ మార్వెల్' ఆరు ఎపిసోడ్ల టీవీ సీరియల్. 2022 జూన్ 8న డిస్నీ ప్లస్ హాట్‌స్టార్‌లో మొదలై జులై 13న అయిపోయింది. అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలో జెర్సీ సిటీ అనే ఊళ్లో ఒక పాకిస్తానీ ముస్లిం ఖాందాన్. అబ్బూ యూసుఫ్, అమ్మీ మునీబా, భాయ్ ఆమిర్, చిన్నది కమలా. పదహారేళ్ల పిల్ల. సూపర్‌హీరోలంటే పిచ్చి, అందులోనూ కెప్టెన్ మార్వెల్ అంటే ప్రాణం. కరాచీ నుంచి నానీ పార్సిల్‌లో పంపిన పాత కంగన్ ఒకటి చేతికి తొడుక్కోగానే చేతుల్లోంచి నూర్ వస్తుంది, అది గట్టిపడి మెట్లలా, డాలులా మారుతుంది. ఇక కథ.

ఈ సీరియల్ వచ్చినప్పటినుంచీ మా ఖాందాన్‌లో దీనిమీద బహస్ ఆగలేదు. ఒకవైపు మా ఆపా కొడుకు, ఇంజనీరింగ్ చదువు. మార్వెల్ సినిమాలు వరసపెట్టి తారీఖులతో సహా చెప్తాడు. ఇంకోవైపు మా అమ్మాయి, అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. మధ్యలో దీవాన్ మీద మా అమ్మీ, చేతిలో తస్బీహ్. పిల్లలు హిందీలో పెట్టుకుని చూస్తుంటే ఆవిడా చూసింది. చూడటమే కాదు, అందరికంటే ఎక్కువ సవాళ్లు ఆవిడవే.

మొదటి సవాల్: "ఈ పిల్ల ఇంట్లో గోడలనిండా వేరేవాళ్ల ఫోటోలేంటి? వాళ్లంతా ఎవరు?" దానికి మా వాడు 'యూనివర్స్' గురించి చెప్పడం మొదలెట్టాడు. ఒక సినిమాలో హీరో ఇంకో సినిమాలో చుట్టంలా వస్తాడు, ఒక సీరియల్‌లో పగిలిన గోడ గురించి మరో సినిమాలో మాట్లాడుకుంటారు, అన్నీ ఒకే దునియాలో జరుగుతాయి అని. అమ్మీ కాసేపు విని, "తిలిస్మే హోష్‌రుబా లాగా అన్నమాట" అంది. వాడు తెల్లమొహం వేశాడు. నాకు మాత్రం భలే ఖుషీ అయింది. దాస్తానే అమీర్ హంజా పుట్టిందే అలా. ఒక అమీర్ హంజా, ఆయన పక్కన ప్రపంచాలన్నీ తన జంబీల్ సంచిలో వేసుకుని తిరిగే అమర్ అయ్యార్, వాళ్ల కొడుకులు, మనవళ్లు, ఒక్కొక్కరికి ఒక్కో కథ. లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ అచ్చువేసిన ఆ దాస్తాన్ 46 సంపుటాలు. హోష్‌రుబా మొదటి సంపుటం 1883 నాటిది. మార్వెల్ వాళ్లకంటే మన దాస్తాన్‌గోలు చాలా ముందున్నారని మా వాడికి చెప్తే, "అందులో పోస్ట్ క్రెడిట్ సీన్ ఉందా పిన్నీ?" అన్నాడు. ఉంది రా, ప్రతి రాత్రీ ఉంది. రేపు రండి అని చెప్పి దాస్తాన్‌గో లేచి వెళ్లిపోయేవాడు.

రెండో బహస్ జిన్నుల గురించి. ఇది మీ ఇళ్లలో కూడా వచ్చే ఉంటుంది. సీరియల్‌లో కొంతమంది వేరే లోకం నుంచి వచ్చి ఇక్కడ చిక్కుకుపోయినవాళ్లు ఉంటారు. జనం వాళ్లని జిన్నులంటారు. కమలా పర్‌నానీ ఆయిషా కూడా వాళ్లలో ఒకతె. అమ్మీకి అస్సలు నచ్చలేదు. ఖుర్ఆన్‌లో జిన్నుల పేరుతో ఒక సూరానే ఉంది, దాన్ని తెచ్చి తమాషా చేస్తారా అని. మా అమ్మాయి కోపం ఇంకో రకం: ముస్లిం పిల్లకి శక్తి రావాలంటే జిన్నులే కావాలా, వేరే దారి దొరకలేదా? కామిక్స్‌లో కమలాకి ఆ గొడవ లేదు. అక్కడ ఆమె చేతులూ కాళ్లూ సాగుతాయి, ఒళ్లు ఏనుగంత పెరుగుతుంది, చీమంత తగ్గుతుంది. ఆ శక్తిని మార్చినందుకు కామిక్స్ చదివినవాళ్లు ఇప్పటికీ అలిగే ఉన్నారు.

అప్పుడు మా వాడు నాలుగో ఎపిసోడ్ గుర్తుచేశాడు. అందులో వలీద్ అనే పెద్దమనిషి ఉంటాడు, ఆ వేషం మన ఫర్హాన్ అఖ్తర్ వేశాడు. థోర్ గనక హిమాలయాల్లో దిగి ఉంటే మనవాళ్లు అతన్ని కూడా జిన్ అనే అనేవాళ్లని ఆయన కమలాకి చెప్తాడు. అంటే వీళ్లు నిజం జిన్నులు కాదు, తెలియనివాళ్లు పెట్టిన పేరు అంతే. అది వినగానే అమ్మీ దిల్ చల్లబడింది. "అయితే జిన్నులు కాదు కదా, సరే పోనివ్వు" అని తస్బీహ్ అందుకుంది. మా అమ్మాయి మాత్రం వదల్లేదు. అదే సంవత్సరం వచ్చిన 'మూన్ నైట్'లో ఈజిప్టు పాత దేవతలు నిజంగానే దేవతలు, మాట్లాడతారు, ఫైసలాలు చేస్తారు. వాళ్లు నిజమైతే మావి మాత్రం తెలియనివాళ్ల మాటలా? అని. నా రాయ్ అడిగితే, అమ్మీ పక్షమే. మన అఖీదాని వాళ్ల కథలో ఇరికించకుండా వదిలేయడమే మేలు. సినిమావాళ్లు ముట్టుకోకపోతే బాగుండు అనుకునేవి కొన్ని ఉంటాయి.

ముట్టుకుని బాగా చూపించినవీ ఉన్నాయి. ఆ ఇల్లు! బయటికెళ్లే పిల్లకి అమ్మీ వంద షరతులు పెట్టడం, అబ్బూ మెత్తబడిపోవడం. సూపర్‌హీరో అభిమానుల జాతరకి కూతురు వెళ్లాలంటే, తోడుగా తనొస్తానని ఆయన ఒళ్లంతా ఆకుపచ్చ రంగు పూసుకుని హల్క్ వేషంలో, షల్వార్ కమీజ్‌లో నిలబడతాడు. పిల్ల సిగ్గుతో చచ్చిపోతుంది. ఆయన మొహం చిన్నబోతుంది. ఆ నటుడు మోహన్ కపూర్, ముంబై ఆయన. ఆ ఒక్క సీన్‌లో నాకు మా అబ్బా కనబడ్డారు, అంతకంటే చెప్పలేను.

మస్జిద్ కూడా అలాగే. ఎడారి సంగీతం లేదు, చీకటి గది లేదు. ఆడవాళ్లు నమాజ్ చదివే వైపు పాడుబడి ఉంటుంది, బాగుచేసేవాళ్లుండరు. బయట విడిచిన చెప్పులు పోతాయి! కమలా స్నేహితురాలు నకియా ఖరీదైన బూట్లు మస్జిద్ దగ్గరే మాయమవుతాయి. జుమ్మా రోజు చెప్పులు పోగొట్టుకోని ముసల్మాన్ ఈ దునియాలో ఉన్నాడా? ఆ నకియాయే విసిగిపోయి మస్జిద్ బోర్డు ఎన్నికల్లో నిలబడుతుంది. బక్రీద్ మేళాలో కమలా తన దోస్త్ కోసం వోట్లు అడుగుతుంది. గెలుస్తుంది కూడా. మా మొహల్లాలో ఇంతవరకూ ఏ కమిటీలోనూ ఆడపేరు నేను చూడలేదు.

ఆమిర్ షాదీ గురించి ఒక్క మాట. పెళ్లికూతురు తైషా, నల్లజాతి అమెరికన్ ముస్లిం. నిఖా అవుతుంది, అందరూ ఆడతారు, పాడతారు. పిల్ల రంగు గురించి ఎవరూ నోరెత్తరు. మన రిష్తాల్లో సలాం తర్వాత అడిగేదే రంగు కదా, మా ఆపాకి నేనా సీన్ రెండుసార్లు చూపించాను. ఎందుకు చూపించానో తనకి తెలుసు.

మా అమ్మాయికి కమలా కంటే నకియా ఎక్కువ. నకియా హిజాబ్ వేసుకుంటుంది. ఇంట్లోవాళ్లు వెయ్యమన్నందుకు కాదు, తనే నిర్ణయించుకుని. కొందరికి మరీ తెల్లదానిలా, కొందరికి మరీ పరాయిదానిలా కనబడి కనబడి విసిగిపోయాననీ, హిజాబ్ వేసుకున్నాక తను తనలా ఉందనీ బాత్రూంలో నిలబడి కమలాతో చెప్తుంది. ఆ సంవత్సరం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మార్చి 15న కర్ణాటక హైకోర్టు తీర్పు వచ్చింది. ఇక్కడ అలాంటి హుకుం ఏదీ లేకపోయినా, ఒక పరీక్షా కేంద్రం గేటు దగ్గర మా అమ్మాయిని ఆపి, అందరి ముందూ స్కార్ఫ్ తీసి చూపించమన్నారు. పక్కకి తీసుకెళ్లి ఒక మేడం చూస్తే సరిపోయేది. ఇది చూపించింది, పరీక్ష రాసింది, ఇంటికొచ్చి ఏం మాట్లాడలేదు. రెండు వారాలు మాట్లాడలేదు. నకియా సీన్ అయిపోయాక రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. మళ్లీ తిప్పింది. మూడోసారి మా వాడు "అబ్బా, ముందుకెళ్దాం" అంటే అమ్మీ వాడి చెయ్యిమీద ఒకటి వేసింది.

ఆ రాత్రే అది గేటు సంగతి నానీమాకి చెప్పింది, నాకు కాదు. నేను వంటింట్లోంచి విన్నాను.

ఇక కరాచీ. నాలుగో ఎపిసోడ్‌లో కమలా, మునీబా కరాచీ వెళ్తారు నానీ ఇంటికి. అమ్మీ దీవాన్ మీదనుంచి లేచి కుర్చీలోకి మారింది, టీవీకి దగ్గరగా. మా బడీ ఖాలా, అంటే అమ్మీ పెద్దక్క, కరాచీలోనే ఉండేది. మాది కర్నూలు. 1947లో కర్నూలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. నిజాం రాజ్యం కాదు, పంజాబూ కాదు. మా ఖాందాన్‌లో ఎవరూ ఆ రైళ్లెక్కలేదు. కానీ బడీ ఖాలా నిఖా హైదరాబాద్ అబ్బాయితో అయింది. 1948 సెప్టెంబర్ తర్వాత, పోలీస్ యాక్షన్ అయ్యాక, ఆయన అన్నదమ్ములు ఒక్కొక్కరే కరాచీ వెళ్లిపోయారు. కొన్నేళ్లకి వీళ్లూ వెళ్లారు. అక్కడ హైదరాబాద్ కాలనీ అనే మొహల్లా ఉంది, మన దక్కన్ నుంచి వెళ్లినవాళ్లది. అక్కడ బగారా బైంగన్, మన అచార్లు దొరుకుతాయని ఖాలా ఉత్తరాల్లో రాసేది. ఉత్తరం, ఉత్తరం, పెళ్లి కబురు, చావు కబురు. తర్వాత ఫోన్లు. ఒక్కసారే వచ్చింది, నా చిన్నప్పుడు. పోలీస్ స్టేషన్‌లో హాజరు వేయించుకుని, పదిహేను రోజులుండి వెళ్లిపోయింది. ఇంతిఖాల్ అయిన కబురు కూడా ఫోన్‌లోనే వచ్చింది. అమ్మీ కరాచీని ఎప్పుడూ చూడలేదు, టీవీ వార్తల్లో బాంబులు పేలినప్పుడు తప్ప.

ఇప్పుడు తెరమీద రంగురంగుల రిక్షాలు, సందులు, బజారు, మేడమీద ఆరేసిన బట్టలు. అమ్మీ ఒక్కో వీధినీ వెతుక్కుంటూ చూసింది. "బాజీ ఇల్లు ఇలాంటి సందులోనే అని రాసింది" అంది. నేను మా వాడికి సైగ చేసేలోపే వాడు అనేశాడు: "నానీమా, అది కరాచీ కాదు. బ్యాంకాక్‌లో తీశారు. థాయిలాండ్."

నిజమే. కరాచీ భాగం షూటింగ్ బ్యాంకాక్‌లోనే జరిగింది. అమ్మీ వాడివైపు చూసింది, టీవీవైపు చూసింది. "మరి ఆ నానీ?" అంది. నానీ వేషం వేసినావిడ సమీనా అహ్మద్, పాకిస్తానీ నటి, ఆవిడ నిజం. "హౌ, ఆమె మాట వింటేనే తెలుస్తోంది" అంది అమ్మీ. తర్వాత ఇంక వీధుల్ని చూడలేదు. ఆ నానీ మాట్లాడుతున్నప్పుడు మాత్రమే చూసింది.

ఐదో ఎపిసోడ్‌లో బటవారా వస్తుంది. కరాచీ వెళ్లే ఆఖరి రైలు, స్టేషన్ నిండా జనం, ఆ గుంపులో తప్పిపోయిన చిన్నపిల్ల. ఆ పిల్లే పెరిగి ఈ నానీ అయింది. అబ్బూని చేరుకోవడానికి తనకి నక్షత్రాలు దారి చూపించాయని ఆమె జీవితమంతా చెప్పుకుంటుంది. ఆ నూర్ చూపించింది కాలం దాటి వెనక్కి వెళ్లిన మనవరాలే. ఈ ఎపిసోడ్ తీసింది షర్మీన్ ఒబైద్ చినాయ్, పాకిస్తాన్‌కి ఆస్కార్ తెచ్చినావిడ. పిల్ల తండ్రి హసన్‌గా ఫవాద్ ఖాన్. 2014లో జిందగీ చానల్ వచ్చాక మన ఇళ్లలో ఆడవాళ్లందరం ఈయన కోసం వంట త్వరగా ముగించుకున్నవాళ్లమే కాబట్టి, ఇంత చిన్న వేషం ఇచ్చినందుకు మార్వెల్ వాళ్లమీద నాకూ మా ఆపాకీ ఒక శికాయత్ ఉంది. ఫర్హాన్, ఫవాద్ ఇద్దరూ ఒకే కథలో ఉండాలంటే అమెరికావాళ్లే తియ్యాల్సొచ్చింది, అది వేరే మాట.

ఆ ఎపిసోడ్ అయ్యాక మా అమ్మాయి అడిగింది, "మనవాళ్లెవరూ ఆ రైలెక్కలేదా నానీమా?" అని. లేదంది. మరి బటవారాలో మనకేం జరిగింది? అమ్మీ ఆలోచించి, "మా బాజీ వెళ్లింది" అంది. ఇంజనీరింగ్ పిల్లాడు కూడా ఫోన్ పక్కన పెట్టాడు. ఆ రాత్రి ట్రంకు పెట్టెలోంచి ఉత్తరాలు బయటికొచ్చాయి. ఉర్దూ చదవడం వచ్చింది అమ్మీకి, నాకు. పిల్లలకి రాదు. ఇద్దరం వంతులవారీగా చదివాం.

ఇంతా చెప్పాక అసలు తగాదా. ఆరో ఎపిసోడ్ చివర కమలా దోస్త్ బ్రూనో ఒక మాట అంటాడు: నీ జీన్స్‌లో ఏదో వేరేగా ఉంది, మ్యుటేషన్ లాంటిది అని. ఆ మాట వెనక రెండు క్షణాలు పాత ఎక్స్‌మెన్ కార్టూన్ సంగీతం వినిపిస్తుంది. మా వాడు సోఫా మీదనుంచి ఎగిరాడు. ఈ యూనివర్స్‌లోకి మ్యూటెంట్లు వచ్చేశారు! దునియా అంతటా అభిమానులు ఆ వారం మాట్లాడుకున్నది ఆ ఒక్క మాట గురించే. ఈ నటి ఇమాన్ వెల్లానీ కూడా అలాంటి అభిమానే. కరాచీలో పుట్టి కెనడాలో పెరిగింది, ఈ వేషానికి పిలుపు వాళ్ల ఆంటీ వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే వచ్చిందట. ఖాలాల ఫార్వర్డ్‌లు అన్నీ వేస్ట్ కాదని పిల్లలు గమనించాలి. సినిమాల దునియా నంబర్ 616 కాదు, 199999 అని మార్వెల్ అధిపతి కెవిన్ ఫైగీతోనే వాదించిన పిల్ల ఆమె.

కానీ అదే ఆరో ఎపిసోడ్‌లో ఇంకో సీన్ ఉంది. మేడమీద యూసుఫ్ కూతురి పక్కన కూర్చుని ఆమె పేరు ఎందుకు పెట్టారో చెప్తాడు. ఆమిర్ పుట్టాక ఇంకో బిడ్డ కావాలని ఎదురుచూశారు, ఆశ వదులుకున్నారు, అప్పుడు ఈమె వచ్చింది. అరబీలో కమాల్ అంటే సంపూర్ణం. ఉర్దూలో మనకి అది అద్భుతం. ఇంగ్లీషులో దాన్నే మార్వెల్ అంటారు. తన హీరో పేరు ముందే తన పేరులో ఉందని ఆ పిల్లకి అప్పుడు తెలుస్తుంది. "అబ్బూ చెప్పిన మాట వదిలేసి రెండు క్షణాల ట్యూన్ పట్టుకున్నావేంట్రా" అని మా అమ్మాయి, "ట్యూన్ వల్లే కదా ఆమె పెద్ద సినిమాల్లోకి వెళ్తుంది" అని వాడు.

వెళ్లింది. 2023 నవంబర్‌లో 'ది మార్వెల్స్' వచ్చింది. ముగ్గురు హీరోయిన్లు, అందులో ఒకతె కమలా. నటుల సమ్మె ముగిసిన మర్నాడే విడుదల, ప్రచారం లేదు. ప్రపంచమంతా కలిపి దాదాపు 20 కోట్ల డాలర్లు వచ్చాయి, ఆ యూనివర్స్ సినిమాల్లో అన్నిటికంటే తక్కువ. అందులో అమ్మీ, అబ్బూ, భాయ్ ఉన్నారు, నవ్విస్తారు కూడా. కానీ వాళ్ల ఇంటికి గ్రహాలు యుద్ధం చేసుకుంటూ వచ్చి పడతాయి, కథ వాళ్లది కాదు. మా అమ్మాయి సగంలో లేచి వెళ్లి నీళ్లు తాగి, మళ్లీ రాలేదు.

అదే ఏడాది మే నెలలో కామిక్స్‌లో కమలాని చంపేశారు. తన పుస్తకంలో కాదు, స్పైడర్‌మ్యాన్ పుస్తకంలో. వేరొకరి రూపం వేసుకుని, ఆ మనిషికి బదులు తను పొడిపించుకుంటుంది. ఇది నాకు మా వాడు చెప్పినప్పుడు నవ్వొచ్చింది. మన తెలుగు సినిమాల్లో హీరో దోస్త్ రహీం గుర్తుకురాలేదూ? ఇంటర్వెల్‌కి ముందు హీరో కోసం ప్రాణమిచ్చే రహీం, వాళ్ల అమ్మీ బురఖాలో ఏడుస్తుంటే హీరోకి కోపం రావడం? అమెరికా వెళ్లినా ఆ వేషమే. ఆ వేసవి దాటకముందే మళ్లీ బతికించారు, ఈసారి మ్యూటెంట్‌గా, టీవీతో మ్యాచ్ అయ్యేలా. ఆ తర్వాతి కథ రాసినవాళ్లలో ఒకరు మాత్రం ఇమాన్ వెల్లానీయే. చంపినవాళ్ల యూనివర్స్‌లో కూర్చుని ఆ పిల్లే కలం పట్టుకుంది. ఇది విన్నాక మా అమ్మాయికి సినిమాల మీద లేని ఆసక్తి కామిక్స్ మీద పుట్టింది.

అందుకని మొదటి సంపుటం తెప్పించాం. 2014లో మొదలైన కథలవి, 2015లో హ్యూగో అవార్డు వచ్చింది. రాసింది జి. విల్లో విల్సన్, ఇస్లాం స్వీకరించిన అమెరికన్ ఆవిడ. కమలాని ఊహించినవాళ్లలో ముఖ్యురాలు సనా అమానత్, న్యూజెర్సీలోనే పెరిగిన పాకిస్తానీ పిల్ల. మగ్రిబ్ తర్వాత మా అమ్మాయి నానీమా పక్కన కూర్చుని, ఇంగ్లీషు చూస్తూ మన దక్కనీలో చెప్తూ పోయింది. మొదటి పేజీలోనే చిక్కు. కమలా ఒక షాపులో కౌంటర్ దగ్గర నిలబడి బేకన్ శాండ్‌విచ్ మీదకి వంగి ఉంటుంది. బేకన్ అంటే ఏంటో చెప్పక తప్పలేదు.

అమ్మీ తస్బీహ్ ఆగింది. "తిన్నదా?"

"లేదు నానీమా. వాసన చూస్తోంది, అంతే."

"వాళ్ల అమ్మీకి తెలుసా?"

"తెలీదు."

"హౌ," అంది అమ్మీ, కళ్లద్దాలు సర్దుకుంటూ, "పేజీ తిప్పు."